బార్లీ బాంక్: ఒక నేతపట్నం ఆటస్థలం చరిత్ర

ఆటస్థలానికి చరిత్ర ఉంటుందని మనం సాధారణంగా అనుకోము. కోటకు చరిత్ర ఉంటుంది, కోవెలకు ఉంటుంది, జమీందారు దివాణానికి ఉంటుంది. ఊరి కుర్రవాళ్ళు బంతి తన్నుకునే బయలుకు చరిత్ర ఏమిటి? శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఆటల ప్రసక్తి వస్తే పెద్దలు రెండు పేర్లు చెబుతారు. ఒకరు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, దేహబలంతో ప్రపంచఖ్యాతి గడించిన కోడి రామమూర్తి నాయుడు. రెండవవారు 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన విజయనగరం మహారాజకుమారుడు. ఒకరు కండబలంతోనూ, మరొకరు సంస్థానబలంతోనూ చరిత్రకెక్కారు. ఈ ఇద్దరి మధ్యా ఉన్న వేలాదిమంది ఎక్కడ ఆడారు, ఎవరి భూమిమీద ఆడారు, వారంలో ఏ పూట ఆడడానికి వారికి తీరిక దొరికింది? ఈ ప్రశ్నలు మనం అరుదుగా వేసుకున్నాం.

ఈ ప్రశ్న నన్ను మన జిల్లాల ఎల్లలు దాటించి, ఇంగ్లండులో లాంకషైరు అనే నేతసీమకు తీసుకుపోయింది. ఎలా తీసుకుపోయిందో చెబితేగాని తక్కిన కథ అర్థం కాదు.

నేను పొందూరు ప్రాంతపు నేత కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా మామ్మ కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, దూది చేసి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్ననూలు వడికేది. తాత మగ్గంమీద కూర్చునేవాడు. లాంకషైరు గుడ్డ మన నోటి కూడు తీసిందని ఆ ఇంట్లో పాఠం చెప్పనక్కరలేదు. అది అన్నంతోపాటు తిన్న సంగతి. తరువాత నేను చరిత్ర ఉపాధ్యాయుణ్ణి అయ్యాను. స్వాతంత్ర్యోద్యమం పాఠం చెప్పేటప్పుడు 1931 సెప్టెంబరు 26న తీసిన ఒక ఛాయాచిత్రం పిల్లలకు చూపించడం నాకు అలవాటు. రౌండుటేబులు సమావేశానికి వెళ్ళిన గాంధీ, లాంకషైరులో డార్వెన్ అనే ఊళ్ళో, గ్రీన్‌ఫీల్డు మిల్లు బయట నిలబడి ఉంటాడు. ఆయన చుట్టూ నేతమిల్లు ఆడకూలీలు చేతులెత్తి జయజయధ్వానాలు చేస్తుంటారు. ఆయన నడిపిన విదేశీ వస్త్ర బహిష్కారంవల్ల పనులు పోగొట్టుకున్న ఊరు అది.

ఒక ఏడు తొమ్మిదో తరగతి కుర్రవాడు లేచి అడిగాడు: "ఈళ్ళ గుడ్డని మనోళ్ళు తగలెట్టారు గదా మాస్టారూ, మరి ఆ ఆడోళ్ళు అంత నవ్వుతున్నారేటి?"

నేను ఏదో జవాబు చెప్పాను. అది నాకే తృప్తి కలిగించలేదు. అప్పటినుంచి డార్వెన్ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదువగా చదువగా ఆ ఊరి చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది మిల్లు కాదు, ఆటస్థలం. దాని పేరు బార్లీ బాంక్. డార్వెన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు 1899 దాకా అదే నివాసం.

*

డార్వెన్ మాంచెస్టరుకు ఉత్తరంగా, బ్లాక్‌బర్న్‌కు అయిదు మైళ్ళ లోపున, గుట్టల నడుమ లోయలో ఉన్న చిన్న పట్నం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ బతుకంటే నూలు, నేత. ఊరి నడుమ 303 అడుగుల పొగగొట్టంతో నేటికీ నిలిచి ఉన్న పెద్ద మిల్లు పేరు ఇండియా మిల్లు. 1860 దశకంలో కట్టారు. పేరులోనే రహస్యం ఉంది. అక్కడ నేసిన గుడ్డకు పెద్ద అంగడి మన దేశం.

ఆ ఊళ్ళో క్లబ్బు 1870లో ఏర్పడింది. మొదట వారాడినది రగ్బీని పోలిన ఆట. స్థానిక మిల్లు యజమాని నథానియల్ వాల్ష్ కొడుకులు హారో పాఠశాలలో చదివివచ్చి, నేటి ఫుట్‌బాలుకు మూలమైన నియమాలను ఊళ్ళో ప్రవేశపెట్టారు. 1875 నాటికి క్లబ్బు ఆ ఆటకు మారింది. బార్లీ బాంక్‌లో క్రికెట్టూ, ఫుట్‌బాలూ రెండూ సాగేవి.

అంటే ఆట యజమాని ఇంటినుంచి వచ్చిందన్నమాట. ఇది నిజమే, దాచవలసిన పని లేదు. ఐతే యజమాని ఇంటినుంచి వచ్చిన బంతిని కార్మికుడు ఎప్పుడు తన్నగలిగాడు? ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. బంతి ఎవరైనా ఇవ్వవచ్చు. తీరిక ఎవరూ ఇవ్వరు. దానిని గుంజుకోవాలి. పదిగంటల చట్టం కోసం లాంకషైరు, యార్క్‌షైరు కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడగా 1847లో అది వచ్చింది. 1850 చట్టం ప్రకారం నేతమిల్లులలో ఆడవారికీ, చిన్నవయసు వారికీ శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పని ఆపవలసి వచ్చింది. చట్టం పెద్దవయసు మగవారి మాట ఎత్తలేదు. కాని ఆడవారూ పిల్లలూ లేకుండా మిల్లు నడవదు గనక, మగవారికీ ఆ పూట సెలవే అయింది. 1874 చట్టం వారపు పనిని 56½ గంటలకు దించి, శనివారపు పూటను మరికొంత పెంచింది. ఇంగ్లండులో ఫుట్‌బాలు శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే ఆనవాయితీ ఎవరి సరదావల్లా పుట్టలేదు. మిల్లు కూత ఆగి, మనిషి ఇంటికి పోయి, నాలుగు మెతుకులు తిని, మైదానం చేరడానికి పట్టే కాలం అది. బార్లీ బాంక్ గట్టుమీద నిలబడ్డ జనం ఆ ఒక్క పూట కోసం ఒక తరంపాటు పోరాడినవారి బిడ్డలు.

*

1878 వసంతంలో ఉత్తర లాంకషైరు మిల్లు యజమానులు వ్యాపారం మందగించిందని కూలి నూటికి 10 వంతులు తగ్గించారు. నేతగాళ్ళు సమ్మె కట్టారు. బ్లాక్‌బర్న్, డార్వెన్, బర్న్లీ పట్నాలలో తొమ్మిది వారాలపాటు మగ్గాలు ఆగాయి. బ్లాక్‌బర్న్‌లో యజమానుల సంఘం నాయకుని ఇల్లు తగలబడింది, సైన్యం దిగింది. చివరికి కార్మికులు ఓడిపోయారు. తగ్గించిన కూలికే పనిలోకి వెళ్ళారు.

సంవత్సరం తిరగకముందే, 1879 ఫిబ్రవరిలో, ఆ ఓడిపోయిన ఊరి ఫుట్‌బాలు జట్టు లండను ప్రయాణమయింది. దేశపు ఫుట్‌బాలు కప్పు పోటీలో క్వార్టర్ ఫైనలు చేరిన జట్టు అది. ఎదుటి జట్టు ఓల్డ్ ఈటోనియన్స్. ప్రభువుల పిల్లలు చదువుకునే ఈటన్ పాఠశాల పూర్వవిద్యార్థులు. ఆనాటి నియమం ప్రకారం ఆ దశనుంచి ఆటలు లండనులోని కెన్నింగ్టన్ ఓవల్‌లోనే జరగాలి. కనుక డార్వెన్ చరిత్రలో అతి గొప్ప పోటీ బార్లీ బాంక్ చూడలేదు. ఆడేవారే దాదాపు రెండువందల మైళ్ళు రైలులో పోవాలి. పని మానుకుని పోవాలి. ఆ రోజుల కూలి పోతుంది. ఈటన్ వారికి ఈ బాధ లేదు. వారి ఆదాయం వారు ఆడుతున్నప్పుడు కూడా పెరుగుతూనే ఉంటుంది.

ఖర్చులకు ఊరు చందాలు వేసింది. మిల్లులలో, వీధులలో పెన్నీ పెన్నీ పోగుచేశారు. నూటికి 10 వంతులు కూలి పోగొట్టుకున్న చేతులే ఆ పెన్నీలిచ్చాయి.

మొదటి ఆట ఫిబ్రవరి 13న జరిగింది. ఇంకో పావుగంటలో ముగుస్తుందనగా ఈటన్ జట్టు 5-1తో ముందుంది. ఆ పావుగంటలో డార్వెన్ వాళ్ళు నాలుగు గోళ్ళు చేసి 5-5తో సమం చేశారు. అదనపు సమయం ఆడదామంటే ఈటన్ వారు ఒప్పుకోలేదు. మళ్ళీ లండను రావాలి, మళ్ళీ చందాలు వెయ్యాలి. రెండో ఆట 2-2. మూడోసారి, మార్చి నెలలో, డార్వెన్ 6-2తో ఓడిపోయింది. ఆ ఏడు కప్పు ఈటన్ వారే గెలిచారు.

ఆటను శ్రామికులకు పోసే మత్తుమందుగా మాత్రమే చూసే మిత్రులు మనలో ఉన్నారు. వారి మాట పూర్తిగా తప్పని నేను అనను. తరువాతి కాలంలో పెట్టుబడి ఆటను ఎలా వాడుకున్నదో మన కళ్ళెదుట ఉన్నది. ఐతే 1879 చందా సంగతి వారు ఒకసారి ఆలోచించాలని మనవి. సమ్మెనిధికి పెన్నీ వేసిన అలవాటే జట్టునిధికి కూడా వేయించింది. సంఘం, సహకార దుకాణం, ఫుట్‌బాలు జట్టు: ఈ మూడూ లాంకషైరులో ఒకే పునాదిమీద, పదిమంది చిన్నమొత్తాలు కూడబెట్టి పెద్దవారి ముందు నిలబడే పద్ధతిమీద పెరిగాయి. సమ్మెలో ఓడిన ఊరు నాలుగు గోళ్ళతో మళ్ళీ తల ఎత్తుకుంటే దానిని మత్తు అనడానికి నాకు నోరు రాదు.

*

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది ఒక వీరగాథ అవుతుంది. పొందూరు మగ్గం పక్కన పెరిగినవాడు అలా ఊరుకోలేడు.

డార్వెన్ జట్టు లండనుకు మూడోసారి పోయిన ఆ 1879 మార్చి నెలలోనే మన దేశంలో ఇంకొక ఆట జరిగింది. వైస్రాయి లిట్టను, తన కౌన్సిలులో అధికసంఖ్యాకులు వద్దంటున్నా, ముతక నూలుగుడ్డమీద దిగుమతి సుంకం తీసివేశాడు. అందుకు ఏళ్ళ తరబడి ఒత్తిడి చేసినది లాంకషైరు మిల్లుదారులు. 1882లో మిగిలిన నూలుగుడ్డ సుంకాలు కూడా పోయాయి. 1876-78 మహాకరువునుంచి మద్రాసు రాజధాని అప్పటికి ఇంకా తేరుకోలేదు. శ్రీకాకుళం ఆనాడు గంజాం జిల్లాలో భాగం. చికాకోలు మస్లిను అని దూరదేశాల్లో పేరుపొందిన సన్నగుడ్డ ఇక్కడిది. ఆ పేరు పుస్తకాల్లో మిగిలింది. నేసినవారి బతుకు మగ్గాలగుంటల్లోనే పూడిపోయింది.

కాబట్టి బార్లీ బాంక్ గట్టుమీద కేరింతలు కొట్టిన జనానికి ఆ శనివారపు పూట ఎక్కడినుంచి వచ్చింది? వారి పోరాటంవల్ల వచ్చింది. ఇది సగం నిజం. ఆ పోరాటానికి లొంగి యజమాని కొంత వదులుకోగలగడానికి, మన అంగళ్ళను అధికారబలంతో తెరిపించడంకూడా ఒక కారణం. ఇది మిగతా సగం. ఎంగెల్స్ మాంచెస్టరు మిల్లులో పనిచేసినవాడు గనక ఈ సంగతి ముందే పసిగట్టాడు. ప్రపంచాన్నంతా దోచుకునే జాతిలో కార్మికవర్గానికి సైతం ధనికుల పోకడలు అబ్బడం కొంతవరకు సహజమేనని 1858లో మార్క్సుకు రాసిన ఉత్తరంలో వాపోయాడు.

ఐతే ఈ రెండో సగం చూసి, మొదటి సగాన్ని కొట్టివేయడం కూడా పొరపాటే. 1878లో కూలి కోసిన యజమానులూ, 1879లో సుంకం తీయించిన యజమానులూ ఒకే వర్గం. ఆ వర్గం డార్వెన్ నేతగాడికి చెప్పిన మాట: "ఇండియాలో గుడ్డ అమ్ముడుపోవడం లేదు, కూలి తగ్గించుకో." పొందూరు నేతగాడికి అది ఏ మాటా చెప్పలేదు, బస్తాలు దించింది. దెబ్బలు సమానం కావు. మనకు తగిలినది చావుదెబ్బ, వారికి తగిలినది కూలికోత. కాని కొట్టిన చెయ్యి ఒకటే.

*

ఇక బార్లీ బాంక్ సంగతి. గ్లాస్గోనుంచి ఫెర్గస్ సూటర్, జేమ్స్ లవ్ అనే ఇద్దరు స్కాట్లండు ఆటగాళ్ళు డార్వెన్‌కు వచ్చారు. సూటర్ రాతిపనివాడు. ఇంగ్లండు రాయి మరీ గట్టిగా ఉన్నదని ఉలి కిందపెట్టి, ఆటమీదే బతికాడని చెబుతారు. డబ్బు పుచ్చుకుని ఆడడం నియమాలకు విరుద్ధం. లండను పెద్దమనుషులు దీనిని ఆటకు పట్టిన చీడ అన్నారు. వృత్తి లేకుండా బతకగలవాడికి ఆట కేవలం ప్రీతి; వారపు కూలితో బతికేవాడికి ప్రీతి ఒక్కటీ చాలదు. ఈ తగాదా వర్గ తగాదా. 1885లో జీతానికి ఆడడం చట్టబద్ధమయింది. అంతకుముందే, 1883లో, పొరుగున ఉన్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే పనివారల జట్టు ఆ ఈటన్ వారినే 2-1తో ఓడించి కప్పు తెచ్చింది. డార్వెన్ తెరిచిన తలుపు గుండా బ్లాక్‌బర్న్ లోపలికి వెళ్ళింది.

కాని జీతం చట్టబద్ధమయ్యాక ఆట అంగడి అయింది. అంగడిలో చిన్న ఊరు పెద్ద ఊరితో పోటీ పడలేదు. సూటర్ 1880లోనే బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు వెళ్ళిపోయాడు. 1891లో డార్వెన్ ఫుట్‌బాలు లీగులో చేరింది. ఒక ఏడు పై తరగతికి, మరో ఏడు కింది తరగతికి పడుతూ లేస్తూ నడిచింది. 1898-99లో వరసగా 18 ఆటలు ఓడిపోయింది. ఆ ఏడు మొత్తం 34 ఆటలలో దానిమీద పడిన గోళ్ళు 141. ఈటన్ వారిమీద పావుగంటలో నాలుగు గోళ్ళు చేసిన జట్టు ఇరవై ఏళ్ళకు ఈ స్థితికి వచ్చింది. 1899లో లీగును వదిలింది. బార్లీ బాంక్‌ను కూడా వదిలి ఊళ్ళోనే యాంకర్ గ్రౌండు అనే మరో చోటికి మారింది. పాత ఆటస్థలం తరువాత ఇళ్ళకింద పోయింది. నేడు ఆ పేరు ఒక వీధికి మిగిలింది. క్లబ్బు కూడా 2009లో మూతపడింది. దాని వారసత్వంగా కొత్త క్లబ్బు ఒకటి ఏర్పడింది.

ఇళ్ళు కట్టడం తప్పా అని ఎవరైనా అడగవచ్చు. తప్పు కాదు. కార్మికుడికి ఇల్లు కావాలి. ఇల్లూ కావాలి, ఆడుకునే నేలా కావాలి. రెంటిలో ఒకటి ఎంచుకోమనడం భూమిని సరుకుగా చూసేవారి లెక్క. బార్లీ బాంక్ కథలో నాకు కనిపించిన పాఠం ఇది: ఊరు పోరాడి తీరికను సంపాదించింది, చందాలతో జట్టును నిలబెట్టింది, కాని ఆ తీరికను గడపవలసిన నేల ఊరి ఉమ్మడి హక్కు కాలేదు. జట్టు గెలిచినన్నాళ్ళూ అది మైదానం; ఓడిపోగానే ఖాళీస్థలం.

*

మన మాటకు వద్దాం. మా ఊళ్ళో కోతలయ్యాక కళ్ళాల బయలే మా మైదానం. ధాన్యం ఇళ్ళకు చేరిన తరువాత, వానలు పడేలోపల, అది మాది. చెడుగుడు ఆడాం, గాలిపోయిన బంతిలో గుడ్డలు కుక్కి ఫుట్‌బాలు ఆడాం. ఆ నేల ఎవరిదని ఎన్నడూ అడగలేదు. ఈనాడు అక్కడ హద్దురాళ్ళు పాతి, ప్లాట్లు వేశారు. అమ్మినవారు కొత్తవారు కారు. కొన్నవారిలో మాతో ఆడినవారు కూడా ఉన్నారు. అది ఊరి ఉమ్మడి నేల అని నిరూపించే కాగితం మా చేతిలో లేదు. జ్ఞాపకం ఉంది. జ్ఞాపకాన్ని రిజిస్ట్రారు కచేరీలో తీసుకోరు.

తీరిక సంగతి కూడా అంతే. మన దేశంలో 1948 ఫాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని హద్దు పెట్టింది. 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆ 9 గంటలను 10 చేసే సవరణకు ఆమోదం తెలిపింది. పెరిగిన ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది? కార్మికుని నిద్రనుంచి, పిల్లలతో గడిపే వేళనుంచి, మైదానం గట్టుమీద నిలబడే సాయంత్రంనుంచి వస్తుంది. ఒక పూట తీరిక కోసం లాంకషైరు ఒక తరం పోరాడిందని తెలిసినవాడు ఒక గంటను చిన్న విషయమని అనుకోలేడు.

అందువల్ల చదువుకుంటున్న మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ ఒక చిన్న పని సూచిస్తాను. మీ ఊళ్ళో పిల్లలు ఆడుతున్న నేల ఏదో చూడండి. అది బంజరా, చెరువుగట్టా, సంతబయలా, బడి ఆవరణా, ఏ సర్వే నంబరులో ఉన్నది, ఎవరి పేరున నమోదయింది, ఎన్నాళ్ళుగా ఆడుతున్నారు, ఆడపిల్లలకు అక్కడ చోటున్నదా, ఏ పేట పిల్లల్ని గట్టు అవతలే నిలబెట్టారు. వృద్ధులను అడిగి రాసిపెట్టండి. అది చరిత్ర రచనే. రేపు హద్దురాయి పడేనాడు చేతిలో ఉండవలసిన కాగితం కూడా అదే.

చివరకు ఆ కుర్రవాని ప్రశ్న. డార్వెన్ ఆడవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారు? గాంధీ ఆనాడు లాంకషైరు కార్మికులతో అన్నదాని సారం ఇది: మీ దేశంలో ముప్ఫై లక్షలమంది పనిలేనివారున్నారు, మా దేశంలో ముప్ఫై కోట్లమంది ఏడాదిలో సగంకాలం పనిలేనివారు. వారు కష్టం తెలిసినవారు గనక కష్టం లెక్క విన్నారు. 1878లో తమ ఊరిని ఓడించినవారెవరో వారి ఇళ్ళల్లో కూడా అన్నంతోపాటు తిన్న సంగతే అయి ఉంటుందని నా ఊహ. నవ్వు వెనక ఇంకా ఎన్నో ఉండవచ్చు; పేరుపొందిన అతిథిని చూసిన సంబరమూ ఉండవచ్చు. కాని ఆ నవ్వులో పగ లేదు. నా విద్యార్థికి ఆనాడు ఈ మాట చెప్పలేకపోయాను. అతడు ఈ పత్రిక చదివేవాడైతే, ఇదే జవాబు.